కంటి పుండుకు కాంతి వైద్యం

వరి కోతల్లో ఆకు అంచు గీరుకున్నా, నూర్పిళ్ళలో పొట్టు ఎగిరిపడినా కంటికి గాయం కావచ్చు. ఆ గాయంలో శిలీంధ్రం, అంటే బూజు జాతి సూక్ష్మజీవి, చేరితే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరపై పుండు పడుతుంది. ఈ పొర పేరు కార్నియా. దీని మందం సుమారు అర మిల్లీమీటరు. ఇందులో రక్తనాళాలు లేవు. చుక్కల మందు లోతుకు సులభంగా ఇంకదు. అందుకే ఈ పుండు మొండిది. మానినా తెల్లని మచ్చ మిగిలి చూపు పోవచ్చు.

మరి కాంతితో శిలీంధ్రాన్ని చంపగలమా? మ్యూనిక్ నగరంలో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి 1900లో ఒక వింత ప్రకటించాడు. ఆక్రిడిన్ అనే రసాయనం కలిపిన నీటిలో పారమీసియంలు వెలుతురులో చచ్చాయి, చీకట్లో బతికాయి!

నేటి వైద్యానికీ ఇదే సూత్రం. రోజ్ బెంగాల్ అనే గులాబి రంగు ద్రావణాన్ని పుండుపై వేసి, ఆకుపచ్చ కాంతిని ప్రసరింపజేస్తారు. రంగు ఆ కాంతిశక్తిని గ్రహించి ఆక్సిజన్‌కు అందిస్తుంది. ఉత్తేజితమైన ఆక్సిజన్ శిలీంధ్ర కణాలను ధ్వంసం చేస్తుంది. దాని ఆయువు అతి స్వల్పం. కనుక దూరం పోలేదు.

అన్ని రంగులూ ఒకటి కావు. బి2 విటమిన్‌తో, అతినీలలోహిత కిరణాలతో మన దేశంలోని అరవింద్ కంటి ఆసుపత్రిలో జరిపిన పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. శిలీంధ్రపు పుండ్లకు అదనపు మేలు కనబడలేదు. కాబట్టి ఏ కాంతి వైద్యాన్నయినా పరీక్షించే నమ్మాలి.

కంటికి దెబ్బ తగిలితే ఆకు పసర్లు పోయకండి, టార్చి వేసి ప్రయోగాలు చేయకండి. ఆ రోజే కంటి డాక్టరుకు చూపించండి.