కాలువలు కట్టిన రోజులలో పెరటి తోట

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయినది మొదలు గోదావరి డెల్టాకు నీటి కొరత లేదని పొరుగు సీమలవారి తలంపు. కాని దాళ్వా పంట చేతికి వచ్చిన పిదప, మరమ్మతులకై వేసవిలో కాలువలు కట్టివేయుట శ్రోతలకు తెలియనిది కాదు. రోహిణి కార్తె ఎండలు తరుముకొని వచ్చేదీ అప్పుడే. ముందుగా నింపుకొన్న ఊరి చెరువు త్రాగుటకే చాలవలెను; ఆ నీరు పాదులకు పోయుట తగదు. ఇక తోటకు మిగిలేది బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు.

ఆ కాస్త నీటితో అన్నిటినీ బ్రతికించబూనితే ఏదీ దక్కదు. కాపు ఉడిగిన వంగను జాలిపడక పీకివేయండి. ఇది గృహిణులకు మింగుడుపడని మాటే! టమాటా పచ్చగా నిలిచినా, వేడికి పుప్పొడి చెడి పూత రాలిపోతుంది. బచ్చలి, దొండ, కరివేపాకు మాత్రము విడువరానివి.

మన నల్లమన్ను ఎండితే బీటలు వారుతుంది. పోసిన నీరు వేళ్లకు అందక ఆ బీటల వెంట లోతునకు జారిపోతుంది. కనుక ముందు బీటలను పొడిమట్టితో పూడ్చి, పిదప బెత్తెడు మందమున ఎండుగడ్డి పరచవలెను. పడమటి వైపున కొబ్బరి మట్టల దడి కట్టితే మధ్యాహ్నపు ఎండ కొంత ఆగుతుంది. నీరు పోయుట ప్రొద్దు గ్రుంకిన తరువాతనే. పాదు ప్రక్కన మట్టికుండను మెడవరకు పాతి, నీరు నింపి మూత పెట్టినచో, తడి మెల్లగా ఊరి వేళ్లకు అందుతుంది; పైన ఆరిపోయేది స్వల్పము.

కాలువలకు నీరు వదలిన తరువాత దొండ తీగలను కత్తిరించి, మాగిన పశువుల ఎరువు వేయండి. కొత్త చిగుళ్లు వస్తవి.