ఒకే తాళంచెవితో ఎన్ని తలుపులు?

మా పత్రిక కార్యాలయంలో కంప్యూటర్ పక్కన గోడకు చాలాకాలం ఒక కాగితం అంటించి ఉండేది. దాని మీద ఒకే ఒక్క పాస్‌వర్డ్. ఈ-మెయిల్‌కు అదే, ఫేస్‌బుక్ పేజీకి అదే, చందాదారుల జాబితాకూ అదే. ఎవరికి కావాలన్నా తలెత్తి చూసుకునేవారు. మాకు అది సౌకర్యంగానే అనిపించింది.

పేజీలు డిజైన్ చేసే సహోదరుడు ఒకరు మా దగ్గర మానేసి వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరారు. కొన్ని నెలల తర్వాత ఆయనే ఫోన్ చేశారు. "అయ్యగారూ, ఆఫీసు మెయిల్ ఇంకా నా ఫోన్‌కి వస్తూనే ఉంది. నిన్న ఒకామె తన ఇంటి కష్టం గురించి మీకు రాసిన ఉత్తరం నాదనుకుని తెరిచేశాను. క్షమించండి, పాస్‌వర్డ్ మార్చుకోండి" అన్నారు. క్షమాపణ చెప్పవలసింది ఆయన కాదు, మేము. ఒక సహోదరి మమ్మల్ని నమ్మి రాసిన మాట మా అజాగ్రత్త వల్ల ఇంకొకరి కంటపడింది.

మన సంఘాల్లో మందుల షాపు, జిరాక్స్ సెంటర్, ట్యూషన్ సెంటర్, కేటరింగ్ వంటి చిన్న వ్యాపారాలు నడుపుకునేవారు చాలామంది ఉన్నారు. ఈ-మెయిల్, జీఎస్టీ, నెట్ బ్యాంకింగ్, సరుకు ఆర్డర్లు, అన్నీ ఇప్పుడు పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటాయి. ఇన్ని గుర్తుండవు కాబట్టి పిల్లల పేరు, పుట్టిన సంవత్సరం కలిపి ఒకటి తయారుచేసి అన్నిటికీ అదే పెట్టేస్తాం.

ప్రమాదం ఇక్కడే ఉంది. 2012లో లింక్డ్‌ఇన్ సంస్థ నుంచి పాస్‌వర్డ్‌ల సమాచారం దొంగల చేతికి వెళ్లింది. 2016లో 11 కోట్లకు పైగా ఖాతాల వివరాలు అమ్మకానికి వచ్చాయి. అలాంటి జాబితా చేతికొస్తే దొంగ ప్రతి ఒక్కరి వెంటా పడనక్కరలేదు. అందులోని ఈ-మెయిల్, పాస్‌వర్డ్ జతలను ఇతర వెబ్‌సైట్లలో ఒక ప్రోగ్రామ్ వరుసగా ప్రయత్నిస్తుంది. అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నవారి తలుపులన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. మీరేమీ తప్పు చేయకపోయినా, ఎక్కడో ఒకచోట పోయింది చాలు.

దీనికి పరిష్కారమే పాస్‌వర్డ్ మేనేజర్. ఇది ఇనప్పెట్టె లాంటి యాప్. ప్రతి ఖాతాకూ పొడవైన, ఊహించలేని వేర్వేరు పాస్‌వర్డ్ తానే తయారుచేసి, రహస్య లిపిలోకి మార్చి దాచుతుంది. మనం గుర్తుంచుకోవలసింది పెట్టె తెరిచే ఒక్క మాస్టర్ పాస్‌వర్డే. ఇంకో మేలు కూడా ఉంది. అది వెబ్‌సైట్ చిరునామా చూశాకే పాస్‌వర్డ్ నింపుతుంది. బ్యాంకు పేజీలాగే కనిపించే నకిలీ పేజీకి వెళ్తే మన కన్ను మోసపోవచ్చు గానీ, చిరునామా వేరు కాబట్టి అది నింపదు. అలా నింపలేదంటే ఆగి చూసుకోవాలి.

బిట్‌వార్డెన్‌ను ఒక్కరు వాడుకోవడానికి ఉచిత ప్లాన్ ఉంది. కీపాస్ పూర్తిగా ఉచితం, మన కంప్యూటర్‌లోనే ఒక ఫైలుగా ఉంటుంది. వన్‌పాస్‌వర్డ్‌కు రుసుము కట్టాలి. ఒక్కరే నడిపే దుకాణానికి ఆండ్రాయిడ్ ఫోన్‌లోని గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్ కూడా మొదలుపెట్టడానికి చాలు, ఫోన్‌కు గట్టి లాక్ ఉంటే.

"అన్నీ ఒకేచోట పెడితే, ఆ పెట్టే పోతే?" అని మమ్మల్ని అడిగారు. న్యాయమైన ప్రశ్న. 2022లో లాస్ట్‌పాస్ అనే సంస్థ నుంచి ఖాతాదారుల పెట్టెల నకళ్లు దొంగిలించబడ్డాయి. లోపలి పాస్‌వర్డ్‌లు రహస్య లిపిలోనే ఉన్నా, మాస్టర్ పాస్‌వర్డ్ బలహీనంగా పెట్టుకున్నవారికి అది పెద్ద ముప్పే. అందుకే ఆ ఒక్కటి పొడవుగా ఉండాలి. సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో వరుసగా రాసుకుంటే గుర్తుంటుంది, ఊహకు అందదు. దానికి తోడు రెండో తాళంగా ఫోన్‌లో వచ్చే కోడ్‌ను కూడా పెట్టుకోవాలి.

మరికొందరు, "మా దగ్గర పనిచేసేది మనవాళ్లే కదా, అనుమానించినట్టు ఉండదా?" అంటారు. మేమూ అలాగే అనుకున్నాం. కానీ ఆలోచించండి. అందరికీ ఒకే పాస్‌వర్డ్ తెలిసినచోట రేపు డబ్బు పోతే అందరూ అనుమానితులే. నమ్మకస్తుడైన పనివాడు కూడా తాను చేయలేదని నిరూపించుకోలేడు. ఎవరి పనికి కావలసినది వారికే ఇస్తే, యజమాని సొమ్ముతో పాటు పనివారి మంచి పేరుకూ కాపలా ఉంటుంది.

జట్టుగా వాడే ప్లాన్లలో ఎవరికి ఏది కనిపించాలో విడివిడిగా నిర్ణయించవచ్చు. ఎవరైనా మానేస్తే వారిని తొలగించి, వారు వాడిన పాస్‌వర్డ్‌లను ఆ రోజే మార్చాలి. తొలగించినంత మాత్రాన వారికి తెలిసినవి మరుపునకు రావు. బ్యాంకు పాస్‌వర్డ్, యూపీఐ పిన్, ఓటీపీ మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు. జీఎస్టీ ఖాతాలో మొబైల్ నంబరు, ఈ-మెయిల్ మీవే ఉన్నాయో, అకౌంటెంట్‌వి ఉన్నాయో కూడా చూసుకోండి.

ఇంకొక మాట. యజమాని హఠాత్తుగా ఆసుపత్రి పాలైతే ఇంటివారు దుకాణం ఎలా నడపాలి? మాస్టర్ పాస్‌వర్డ్‌ను కాగితంపై రాసి, కవరులో మూసి, బీరువాలో పెట్టి, ఆ సంగతి భార్యకో భర్తకో చెప్పి ఉంచాలి. బీరువాలో తాళం వేసిన కాగితం వేరు, గోడకు అంటించిన కాగితం వేరు.

ఒక్కరోజులో అన్నీ మార్చనక్కరలేదు. ఈ వారం ఈ-మెయిల్ మార్చండి. మిగతా ఖాతాల పాస్‌వర్డ్ మార్చే లింకులు దానికే వస్తాయి కాబట్టి అది పెద్ద తలుపు. వచ్చే వారం డబ్బుకు సంబంధించినవి. తర్వాత మిగిలినవి. ఎప్పుడైనా మోసపోయి డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కు ఫోన్ చేయండి.

మా గోడమీది కాగితాన్ని చింపేశాం. ఆ సహోదరికి జరిగినది దాచకుండా చెప్పి క్షమాపణ అడిగాం. ఆమె మన్నించారు. కానీ మనల్ని నమ్మి అప్పగించినవాటికి మనం లెక్క చెప్పవలసినవారమన్న సంగతిని ఆ ఫోన్ వచ్చేదాకా మేము గుర్తించలేదు. మీకు అలాంటి ఫోన్ రాకముందే గుర్తించాలని మా కోరిక.