క్యాసెట్టు మీద పేరు

పిల్లలూ! జపాను రాజధాని టోకియోలో అకిహబారా అనే పేట ఉంది. ఎలక్ట్రిక్ సామాన్లకు అది పెట్టింది పేరు. అక్కడ పాత వీడియో గేములు అమ్మే దుకాణం ఒకటుంది. దాని పేరు 'సూపర్ పొటాటో'. బంగాళాదుంపలకూ ఆటలకూ ఏమిటి సంబంధమని నన్నడక్కండి. అలాంటి దుకాణాలకు దేశదేశాల నుంచీ పెద్దవాళ్లు వచ్చి, చిన్నపిల్లల్లాగా అరలన్నీ గాలిస్తారు. వాళ్లు వెతికేది సుమారు నలభై ఏళ్లనాటి ప్లాస్టిక్ బిళ్లల కోసం! అరచేతిలో పట్టే ఆ బిళ్లలను జపానువాళ్లు 'కసెత్తో' అంటారు. మనవాళ్లు కూడా 'క్యాసెట్' అనే అన్నారు. ఆ సంగతి తరవాత చెబుతాను.

ఆ క్యాసెట్లలో కొన్నిటి వెనకవైపు నల్లసిరాతో, వంకరటింకర అక్షరాలతో ఏదో రాసి ఉంటుంది. జపాను భాష రానివాడు అది ధర కాబోలు అనుకుంటాడు. కాదు, అది ఒక పిల్లవాడి పేరు.

ఆ పేరు అక్కడికి ఎలా వచ్చిందో తెలియాలంటే, ముందు ఆ ఆటపెట్టె కథ తెలియాలి. 1889లో క్యోటో నగరంలో ఫుసాజిరో యమౌచి అనే ఆయన, పూలబొమ్మల పేకముక్కలు చేసి అమ్మటానికి ఒక కంపెనీ పెట్టాడు. అదే నింటెండో. తొంభై నాలుగేళ్ల తరవాత, 1983 జులై 15న, ఆ కంపెనీ 'ఫ్యామిలీ కంప్యూటర్' అనే పెట్టెను అమ్మకానికి తెచ్చింది. దాన్ని రూపొందించిన ఇంజనీరు మసయుకి ఉఎమురా. ఖరీదు 14,800 యెన్లు. తెలుపూ ఎరుపూ రంగుల్లో బొమ్మలాగా ఉండే ఆ పెట్టెను పిల్లలు ముద్దుగా 'ఫామికోమ్' అన్నారు. దాన్ని టీవీకి తగిలించి ఆడుకోవాలి. ఆట పెట్టెలో ఉండదు, క్యాసెట్టులో ఉంటుంది. ఒక క్యాసెట్టు పీకి మరొకటి గుచ్చితే ఆట మారిపోతుంది. అందుచేత పిల్లలు వాటిని ఇచ్చిపుచ్చుకునేవాళ్లు. మరి, ఇచ్చినది తిరిగి రావాలంటే, పుస్తకాల మీద రాసుకున్నట్టే దాని మీదా పేరు రాయాలిగదా!

1985లో ఈ పెట్టె వేషం మార్చుకుని అమెరికా వెళ్లింది. అక్కడ బూడిదరంగు వేశారు. క్యాసెట్లు కూడా పెద్దవయాయి. జపాను క్యాసెట్టుకు కరెంటు అందించే లోహపు పట్టీలు 60 ఉంటే, అమెరికా క్యాసెట్టుకు 72 పెట్టారు. కనక ఒక దేశపు క్యాసెట్టు మరో దేశపు పెట్టెలో దూరదు. కొన్ని ఆటలైతే అసలు జపాను దాటలేదు. ఇతర దేశాల వాళ్లు జపాను ఆటలను పనిగట్టుకుని తెప్పించుకోవటానికి ఇదంతా కారణమే. అయితే అన్నిటికన్నా తమాషా కారణం ఇంకొకటుంది.

ఫామికోమ్‌కు రెండు మీటల పలకలుండేవి. రెండోదానిలో చిన్న మైకు అమర్చారు. 1986లో జపానులో వచ్చిన 'జెల్డా' ఆటలో పెద్దచెవుల రాక్షసులుంటారు. కత్తితో ఎంత పొడిచినా వాళ్లు ఒక పట్టాన చావరు. కాని మైకులో గట్టిగా అరిస్తే చాలు, చచ్చి ఊరుకుంటారు! అమెరికా పెట్టెకు మైకు లేదు. అయినా, వాళ్లిచ్చిన పుస్తకంలో ఈ రాక్షసులకు పెద్ద చప్పుళ్లు గిట్టవని అలాగే అచ్చువేశారు. పాపం, అక్కడి పిల్లలకు చప్పుడు చేసే దారేది?

మన దేశం సంగతికి వస్తాను. 1990 తరవాత మన ఊళ్లలో అమ్మిన టీవీ గేములు చాలామటుకు ఈ ఫామికోమ్‌కు నకళ్లే. మీ అమ్మానాన్నలు మేరియోను గెంతించిన క్యాసెట్టు ఉంటే తీసి, దాని పట్టీలు లెక్కపెట్టండి. 60 ఉంటే అది జపాను కొలతే. దాన్ని మనవాళ్లు కూడా 'క్యాసెట్' అనే అన్నారు. ఒక్క హెచ్చరిక: అసలు ఫామికోమ్ ఎవరైనా తెచ్చిస్తే, దాని ప్లగ్గును మన గోడకు గుచ్చకండి. జపాను కరెంటు 100 వోల్టులు, మనది 230. క్షణంలో మాడిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆట ఉండే చిప్పులోని రాత కర్మాగారంలోనే పడిపోతుంది. అది రాతిమీద చెక్కిన శాసనం వంటిది. కరెంటు లేకపోయినా చెరగదు. కాని దానిలో కొత్తగా ఏమీ రాయటానికి వీలులేదు. మీరు పది రోజులు కష్టపడి సగం ఆట ఆడితే, పదకొండో రోజు ఎక్కడ మొదలుపెట్టాలో దానికేం తెలుసు?

1986లో వచ్చిన 'డ్రాగన్ క్వెస్ట్' అనే ఆటలో దీనికొక ఉపాయం చేశారు. ఆట ఆపే ముందు రాజుగారు ఒక మంత్రం చెబుతాడు. అర్థంపర్థం లేని 20 అక్షరాలు. మీ వీరుడి బలమూ, అతని దగ్గిరున్న బంగారమూ ఆ అక్షరాల్లోనే దాగి ఉంటాయి. పిల్లలు దాన్ని పుస్తకంలో రాసుకుని, మర్నాడు మళ్లీ చెప్పాలి. 1987లో వచ్చిన రెండో ఆటలో మంత్రం 52 అక్షరాల దాకా పెరిగింది! మనకు ప, ష, వ ఉన్నట్టే జపాను లిపిలోనూ ఒకదాన్నిపోలిన అక్షరాలు ఒకటి ఉన్నాయి. ఆ పాత టీవీల మసక బొమ్మలో ఒక్క అక్షరం పొరబడితే అన్నిరోజుల శ్రమా బూడిదలో పోసిన పన్నీరే.

1988 ఫిబ్రవరి 10న మూడో ఆట వచ్చింది. దుకాణాల ముందు జనం బారులు తీరారు. బడి ఎగ్గొట్టి వరసలో నిలబడ్డ పిల్లలను పోలీసులు పట్టుకున్నారు కూడానూ. ఈ ఆటకు మంత్రం అక్కర్లేదు. క్యాసెట్టు లోపలే ఇంకొక చిప్పూ, రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉన్నాయి. ఈ చిప్పులో రాత ఎలాంటిదంటే, గాలి ఉన్నంతసేపే గాలిపటం ఎగిరినట్టు, కరెంటు ఉన్నంతసేపే నిలుస్తుంది. పెట్టె ఆపినప్పుడు బ్యాటరీ దానికి చాలా కొద్ది కరెంటు ఇస్తూ ఉంటుంది. ఇక్కడా ఒక చిక్కుంది. పెట్టె ఆపే క్షణంలో కరెంటు తగ్గిపోతూ ఉంటే, లోపలి యంత్రం తడబడి పిచ్చిగీతలు గీసెయ్యవచ్చు. అందుకే 'రీసెట్' మీట నొక్కిపట్టి ఆపమన్నారు. అది నొక్కి ఉన్నంతసేపూ యంత్రం ఏ పనీ చెయ్యదు. మరిచిపోయిన పిల్లలకు మర్నాడు భయంకరమైన సంగీతం వినిపించి, మీ సాహసగ్రంథం చెరిగిపోయిందని ఆట సానుభూతి చెప్పేది.

ఆ బ్యాటరీలకు ఇప్పుడు ముప్ఫయి ఏళ్లు దాటాయి. చాలావరకు చచ్చిపోయాయి, కొన్ని ఇంకా కొనఊపిరితో ఉన్నాయి. పాత క్యాసెట్టు కొన్నవాడు దాన్ని గుచ్చి చూస్తే, ఒక్కొక్కసారి తెర మీద ఎవరో పిల్లవాడు తన వీరుడికి నాలుగక్షరాల్లో పెట్టుకున్న పేరు కనిపిస్తుంది. వీరుడు వదిలిన చోటనే నిలబడి ఉంటాడు. ఇప్పుడేం చెయ్యాలి? బ్యాటరీ మార్చకపోతే అది ఏదో ఒకనాడు చస్తుంది, వీరుడూ పోతాడు. టంకం కరిగించి పాత బ్యాటరీ తీసేస్తే ఆ క్షణమే పోతాడు! కొందరు "మనది కాదుగదా" అని మార్చేస్తారు. నన్నడిగితే, ముందు ఆ రాతను కంప్యూటరులోకి నకలు తీసుకోవటం మంచిది. పట్టీల ద్వారా చదివే పరికరాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. బ్యాటరీ మార్చాక ఆ రాతను మళ్లీ ఎక్కించవచ్చు.

పైన సిరాతో రాసిన పేరుకూ ఇదే గతి. పేరుంటే వస్తువు పాడయిందని దుకాణాలవాళ్లు ధర తగ్గిస్తారు. కొందరు స్పిరిటు పెట్టి తుడిచేస్తారు. జపానులో ఒకాయన మటుకు, పేర్లున్న క్యాసెట్లనే ఏరి కొంటాడు. వాటికొక ప్రదర్శనశాల పెట్టి, ఇంటర్నెట్టులో అందరికీ చూపిస్తున్నాడు. ఆ పేర్లు రాసిన పిల్లలకు ఈపాటికి నలభై, యాభై ఏళ్లుంటాయి. వాళ్లలో ఎవరైనా తమ రాత గుర్తుపట్టి వస్తే, ఎవరి క్యాసెట్టు వాళ్లకు ఇచ్చెయ్యటమే ఆయన ఉద్దేశం.