కార్డు క్లోజ్ చేస్తే క్రెడిట్ స్కోరు పడిపోతుందా? అరోరాలోని మనవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతులు

"లేఆఫ్ అయింది. అరవై రోజుల్లో ఇంకో కంపెనీ దొరక్కపోతే ఇంటికి పోవాల్సిందే. ఉన్న క్రెడిట్ కార్డులన్నీ క్లోజ్ చేసి పోదామా, అట్లనే వదిలేద్దామా?"

చికాగోకు పడమర వైపు సుమారు 40 మైళ్ళ దూరంలో ఉన్న అరోరాలో మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. సలివన్ రోడ్డు మీది బాలాజీ గుడికి వచ్చే కుటుంబాల్లో హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళు, చదువు ముగించి మొదటి ఉద్యోగంలో చేరిన పిల్లలు ఎక్కువే. వీళ్ళలో ఎవరికైనా ఉద్యోగం పోతే, లేదా వాడని కార్డుకు ఏడాది ఫీజు పడితే, ముందుగా వచ్చే ఆలోచన "క్లోజ్ చేసేద్దాం" అనే. తొందరపడొద్దు. ముందు లెక్క చూసుకోండి.

స్కోరు దేన్ని చూసి ఇస్తారు?

అమెరికాలో ఎక్కువ బ్యాంకులు చూసేది ఫైకో స్కోరు. ఇది 300 నుంచి 850 దాకా ఉంటుంది. ఇందులో 35 శాతం బిల్లులు టైముకు కట్టామా లేదా అన్నదాన్ని బట్టి, 30 శాతం ఎంత బాకీ ఉన్నామన్నదాన్ని బట్టి, 15 శాతం మన ఖాతాల వయసును బట్టి ఉంటుంది. కొత్త అప్పుల కోసం చేసిన దరఖాస్తులకు 10 శాతం, అప్పుల రకాలకు మరో 10 శాతం. ఈ వివరాలను దాచిపెట్టే సంస్థలు మూడు: ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్.

మన జీతం, బ్యాంకులో ఉన్న డబ్బు, వీసా ఈ స్కోరులోకి రావు. ఇండియాలోని సిబిల్ స్కోరు కూడా ఇందులో కలవదు. అందుకే కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడ సున్నా నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. అంత కష్టపడి కట్టుకున్న స్కోరు గనుకే భయం.

పాత కార్డు మూస్తే చరిత్ర చెరిగిపోతుందా?

చెరిగిపోదు. చాలామంది ఇక్కడే పొరపడుతున్నారు. సక్రమంగా కట్టిన ఖాతాను మూసినా అది రిపోర్టులో 10 ఏళ్ళ దాకా ఉండొచ్చు. ఫైకో లెక్కలో ఆ మూసిన ఖాతా వయసు కూడా కలుస్తూనే ఉంటుంది. వాంటేజ్‌స్కోరు అనే మరో పద్ధతిలో మాత్రం మూసిన ఖాతాలను వదిలేసే అవకాశం ఉంది. అందుకే ఫోన్ యాప్‌లో కనిపించే స్కోరు, బ్యాంకు చూసే స్కోరు ఒక్కటి కాకపోవచ్చు.

ఇంకో మాట. ఆలస్యంగా కట్టిన మచ్చ కూడా కార్డు మూస్తే పోదు, ఏడేళ్ళు ఉంటుంది. "క్లోజ్ చేస్తే పాత తప్పు మాఫీ అవుతది" అని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

మరి దెబ్బ ఎక్కడ పడుతుంది?

దెబ్బ పడేది లిమిట్ మీద. మొత్తం లిమిట్‌లో ఎంత శాతం వాడుకున్నామన్నది స్కోరుకు చాలా ముఖ్యం. ఒక ఉదాహరణ చూద్దాం.

ఒకరికి మూడు కార్డులు ఉన్నాయనుకోండి. చదువుకునే రోజుల్లో తీసుకున్న మొదటిదానికి 1,000 డాలర్ల లిమిట్, రెండోదానికి 4,000, ఫీజు పడే మూడోదానికి 5,000. మొత్తం 10,000. బాకీ 2,000 ఉంటే వాడకం 20 శాతం.

ఫీజు కార్డు మూస్తే లిమిట్ 5,000 అవుతుంది. బాకీ అదే 2,000. వాడకం ఒక్కసారిగా 40 శాతానికి ఎగబాకుతుంది. ఒక్క డాలరు కొత్తగా ఖర్చు పెట్టకపోయినా సరే! అదే 1,000 లిమిట్ ఉన్న పాత కార్డు మూస్తే వాడకం సుమారు 22 శాతం. తేడా కొద్దిగే. అసలు అన్ని కార్డుల్లో బాకీ సున్నా ఉంటే, ఏది మూసినా ఈ శాతం సున్నానే.

ఇక్కడొక మెలిక ఉంది. నెలనెలా మొత్తం కట్టేసేవాళ్ళకు కూడా రిపోర్టులోకి వెళ్ళేది సాధారణంగా స్టేట్‌మెంట్ వచ్చిన రోజున ఉన్న మొత్తమే. కాబట్టి కార్డు మూసే నెలలో స్టేట్‌మెంట్ రాకముందే మిగతా కార్డుల బాకీ కూడా తగ్గించుకుంటే మంచిది. వాడకం వల్ల పడిన స్కోరు, బాకీ తగ్గగానే చాలావరకు మళ్ళీ పైకి వస్తుంది. ఆలస్యం వల్ల పడిన స్కోరు అట్ల రాదు.

ఎప్పుడు మూయొద్దు?

కారు లోన్, ఇంటి లోన్, కొత్త అపార్ట్‌మెంట్ లీజు దగ్గర పడినప్పుడు మూయొద్దు. ఆ పని అయ్యాక చూసుకోండి. ఫీజే సమస్య అయితే బ్యాంకుకు ఫోన్ చేసి, ఫీజు లేని కార్డుగా మార్చమని అడగండి. చాలాసార్లు ఖాతా అదే ఉంటుంది, వయసూ లిమిట్టూ నిలుస్తాయి.

కానీ స్కోరు కోసం కార్డును పట్టుకుని కూర్చుని అప్పుల్లో మునగొద్దు. చేతిలో ఉంటే ఖర్చు ఆగట్లేదు, వడ్డీ పెరుగుతోంది అనుకుంటే మూసేయడమే నయం. స్కోరు మళ్ళీ వస్తుంది.

మూసేటప్పుడు వరుసగా చేయాల్సినవి

1. ఆ కార్డు మీద నడిచే ఫోన్, కరెంటు, ఇన్సూరెన్స్ ఆటోపేలను వేరే కార్డుకు మార్చండి.
2. రివార్డు పాయింట్లు వాడేసుకోండి.
3. బాకీ మొత్తం కట్టండి. తర్వాత ఇంకో స్టేట్‌మెంట్ దాకా ఆగండి. కట్టిన రోజు వరకు పడిన వడ్డీ చిన్న బిల్లుగా రావచ్చు. ఆ మూడు నాలుగు డాలర్లు చూసుకోక 30 రోజులు దాటితే, అదే ఏడేళ్ళ మచ్చ అయ్యే ప్రమాదం ఉంది.
4. మూసినట్టు రాతపూర్వకంగా తీసుకోండి.
5. రెండు నెలల తర్వాత యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌లో మూడు రిపోర్టులూ ఉచితంగా చూడండి. వారానికోసారి చూసుకోవచ్చు. తప్పుంటే ఫిర్యాదు చేయండి, సాధారణంగా 30 రోజుల్లో విచారించాలని చట్టం.

ఇంటికి పోయేవాళ్ళకు

హెచ్‌1బీ ఉద్యోగం పోయినవాళ్ళకు గ్రేస్ గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 గడువు అంతకన్నా ముందే ఉంటే అంతవరకే. ఆ హడావుడిలో అన్ని కార్డులూ మూయక్కర్లేదు. మళ్ళీ వచ్చే ఆశ ఉంటే ఫీజు లేని కార్డు ఒకటో రెండో ఉంచుకుని, అమెరికా బ్యాంకు ఖాతా నుంచి ఆటోపే పెట్టుకుని పోండి. అప్పుడప్పుడు చిన్న మొత్తం వాడండి, చాలాకాలం వాడకపోతే బ్యాంకే మూసేయొచ్చు. ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు, చిరునామా సరిచూసుకోండి.

గల్ఫ్‌లో కార్డు బాకీ వల్ల కేసు పడి ఎయిర్‌పోర్టులో ఆగిపోయినవాళ్ళ సంగతి మనకు తెలుసు. అమెరికాలో కార్డు బాకీకి ఎయిర్‌పోర్టులో ఆపరు. అలాగని ఎగ్గొట్టి పోతే బాకీ కలెక్షన్ ఏజెన్సీకి పోతుంది, కోర్టు దావా కూడా పడొచ్చు. తిరిగి వచ్చిన రోజున అదే ఎదురుగా నిలబడుతుంది.

కొత్త ఉద్యోగం వెతుకుతున్నవాళ్ళకు ఒక ఊరట: ఇల్లినాయ్‌లో 2011 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం చాలా ఉద్యోగాలకు యజమాని మీ క్రెడిట్ చరిత్ర చూడకూడదు. బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీల వంటి కొన్నిటికి మినహాయింపు ఉంది. కాబట్టి స్కోరు పదో ఇరవయ్యో పాయింట్లు తగ్గిందని ఇంటర్వ్యూకు భయపడుతూ పోవద్దు. ఈ నెల బిల్లు టైముకు కట్టారా లేదా, అది చూసుకోండి.