మింగుట నేర్పెడి మిత్రులు

చేతిలోని ముద్ద నాలుక దాటి గొంతున పడువఱకే మన వశము. అటుపై దానిని కడుపునకు చేర్చు భారమంతయు, సుమారు 25 సెంటీమీటర్ల పొడవు గల అన్నవాహిక యను కండరపు గొట్టము మన యనుమతి కొఱకు నిరీక్షింపకయే వహించును. ముద్ద వెనుక సంకోచించుచు, ముందు సడలుచు, అలవలె సాగు ఆ చలనము ఎంత బలమైనదనగా, తలక్రిందులుగా వ్రేలాడు మనుష్యుడు సైతము నీటిని మ్రింగగలడు. ఇంత నమ్మకముగా పనిచేయు అవయవమును గూర్చి మనము తలపోయకుండుట సహజమే. కాని అందు క్యాన్సర్ పుట్టినపుడు ఆ నమ్మకమే మనలను మోసగించును.

అన్నవాహిక సాగుడు గుణము కలది. లోపలి మార్గము చాలవఱకు ఇఱుకైనను, మిగిలిన భాగము వ్యాకోచించి ముద్దకు త్రోవ నిచ్చును గనుక రోగికి బహుకాలము బాధ తెలియదు. తెలిసిన తరువాతను అతడు తన తిండిని మార్చుకొనునే గాని వైద్యుని యొద్దకు పోడు. మా మేనమామగారు ఒక పెండ్లి బంతిలో గారె ముక్కను పక్కకు జరిపి, ప్రతి ముద్దకును ఒక గుక్కెడు నీళ్లు త్రాగుచుండుట నేను ప్రక్కన కూర్చుండి చూచితిని. “గ్యాసురా, ముద్ద పట్టుకున్నట్లుంటోంది” అని ఆయన సోడా తెప్పించుకొనిరి. కొన్ని నెలలలో రొట్టె పోయి మెత్తని అన్నము, అది పోయి మజ్జిగన్నము, అదియు పోయి రాగిజావ మిగిలినది. ఆ క్రమమును రోగలక్షణముగా ఇంటిలో ఎవ్వరమును చదువలేకపోతిమి.

ఈ వ్యాధి ముఖ్యముగా రెండు తెఱగులు. నాళపు లోపొరలోని పలుచని పొలుసుకణములనుండి పుట్టునది మన దేశమున అధికము. పొగాకు, మద్యము, పొగాకుతో కూడిన తాంబూలము దానికి ప్రధాన కారణములు. 65 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడి పానీయములును బహుశః కారకములేయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించినది. రెండవది, జీర్ణాశయపు ఆమ్లము ఏండ్లతరబడి పైకి ఎగదన్నుటచే నాళపు దిగువకొన కణములు రూపు మార్చుకొని, క్రమముగా పెడత్రోవ పట్టుటవలన కలుగునది. అమెరికా, ఇంగ్లండులలో ఇది హెచ్చు. 2022లో ప్రపంచమున సుమారు 5 లక్షల 11 వేల మందికి ఈ వ్యాధి కొత్తగా బయల్పడగా, దాదాపు 4 లక్షల 45 వేల మంది దీనివలన మరణించిరని అంచనా. ఈ రెండు సంఖ్యలు ఇంత దగ్గఱగా నుండుటకు, గుర్తించుటలోని ఆలస్యము పెద్ద కారణము.

1913లో న్యూయార్కున ఫ్రాంజ్ టోరెక్ అను శస్త్రవైద్యుడు ఛాతీలోని అన్నవాహికను క్యాన్సర్‌తో సహా తొలగించి రోగిని బ్రతికించెను. ఆమె వయస్సు 67. తెగిన నాళమునకు బదులు లోపల మఱొక మార్గము నేర్పరచు ఉపాయము ఆయనకు చిక్కలేదు. మెడయొద్ద నొకటి, ఉదరముపై నొకటి రంధ్రములుంచి, రెంటిని వెలుపలినుండి రబ్బరు గొట్టముతో కలిపెను. ఆ గొట్టముద్వారా భుజించుచు ఆమె పన్నెండేండ్లకు పైగా జీవించినది. వైద్యగ్రంథములు టోరెక్ పేరును స్మరించును; నాకు మాత్రము భోజనవేళ ఆ గొట్టమును సరిచూచుకొనిన ఆమె చేతులే తలపునకు వచ్చును.

నేడు జీర్ణాశయమునే సన్నని గొట్టముగా మలచి, పైకి లాగి, మిగిలిన కొనకు కుట్టుచున్నారు. అంతకు ముందు కీమోథెరపీ, మనవారు ‘కరెంటు పెట్టడం’ అనుచుండు కిరణచికిత్స ఇచ్చుటయు పరిపాటి. కాని సంచివంటి కడుపు గొట్టమైన పిదప పూటభోజనము పట్టదు. తీపి పదార్థము తటాలున ప్రేగులోనికి దిగి చెమట, గుండెదడ పుట్టించును. ఆమ్లము నాపు కవాటము పోవుటచే వెల్లకిల పండుకొనిన అది గొంతులోనికి వచ్చును. మార్గము నిర్మించుట వైద్యుని విద్య. ఆ మార్గముతో దినములు గడుపుట వేఱొక విద్య, దానిని గడిపినవారే చక్కగా నేర్పగలరు.

ఇంగ్లండున 1985లో ఈ చికిత్సను దాటి వచ్చిన కొందఱు, తమ ఒంటరితనమును తామే తీర్చుకొనుటకై కూడి ‘ఈసోఫేజియల్ పేషెంట్స్ అసోసియేషన్’ను నెలకొల్పిరి. లాభాపేక్ష లేని ఈ సంస్థ నేటికిని ఫోనున పలుకుచు, సమావేశములు జరుపుచు, ఏమి తినవలెనో ఎట్లు తినవలెనో తెలుపు చిన్న పుస్తకములు పంచుచున్నది. అమెరికాలో 2009లో, భర్తను ఈ వ్యాధికి కోల్పోయిన మిండీ మింట్జ్ మార్డెకై ‘ఈసోఫేజియల్ క్యాన్సర్ యాక్షన్ నెట్‌వర్క్’ను స్థాపించి, ఏండ్లతరబడి వచ్చు ఛాతీమంటను ఉపేక్షింపవలదని చాటుచున్నారు. ఇట్టి మాట మన రోగులకు వారి ఇంటి తెలుగులో, అదృష్టవశమున గాక, అడిగినవెంటనే దొరకవలెనని నా గాఢమైన కోరిక.

మా మేనమామగారికి అది అదృష్టవశముననే దొరికినది. శస్త్రచికిత్స తరువాత పరీక్షకై పోయిననాడు ఆసుపత్రి వరండాలో, అదే చికిత్స రెండేండ్ల క్రిందట చేయించుకొనిన రైతొకడు ప్రక్కన కూర్చుండి చెప్పెను: “బాబాయిగారూ, కంచం సంగతి మరిచిపోండి. టీ సాసర్లో తినండి, రోజుకు ఆరేడుసార్లు. తినేటప్పుడు నీళ్లొద్దు, అరగంట ఆగి తాగండి. మంచానికి తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టించండి.” ఆ సాయంత్రమే అత్తయ్య గోడప్రక్కనున్న ఇటుకలు కడిగి తెచ్చినది. ఆ రాత్రి ఆయన దగ్గు లేక తెల్లవారువఱకు నిద్రించిరి.