వరహా మీద రాముడు

మేనకోడలి పెళ్ళికి ధర్మవరంలో పట్టుచీరలు తీసుకున్నాం. ఇక నగలే తరువాయి. మా అక్క, పాత బంగారమంతా మూటగట్టుకుని హిందూపురంలో ఆచారి దగ్గరికి వెళుతూ, నన్నూ వెంటబెట్టుకు పోయింది. కమ్మలకు బంగారం చాలలేదు. అమ్మ పూజపెట్టెలోని వరహాకాసు కూడా కరిగించమంది అక్క.

చిటికెనవేలి గోరంత కాసు. ఆచారి దగ్గర భూతద్దం తీసుకుని చూశాను. కూర్చున్న ఇద్దరు సీతారాములు, పక్కన నిలబడినవాడు లక్ష్మణుడు. వెనక నాగరి అక్షరాలు. హిందీ చదువుకున్న మేనకోడలు కూడబలుక్కుని, "శ్రీ తిరుమల... రాయులు" అంది.

"కొండమీది స్వామి పేరే!" అన్నాడు ఆచారి.

కాదు, అది రాజు పేరు. 1565లో రక్కసతంగడి యుద్ధంలో అళియ రామరాయలు హతుడైతే, ఆయన తమ్ముడు తిరుమలరాయలు విజయనగరం విడిచి వచ్చి పెనుకొండను రాజధాని చేసుకున్నాడు. రోజూ రైల్లోంచి చూసే ఆ కొండే!

అలెగ్జాండరు వెండినాణెం మీద సింహచర్మం కప్పుకొన్న హెరాక్లీసు, వెనక పీఠం మీద జ్యూస్ దేవుడు. ఆయన పోయాక లైసిమాకస్ అనే సేనాని, అలెగ్జాండరు తలకే అమ్మోను దేవుడి పొట్టేలు కొమ్ములు తగిలించాడు. ఈజిప్టు నేలిన టాలమీ బతికుండగానే తన ముఖం అచ్చు వేయించుకున్నాడు. మన రాయలు అంత సాహసం చేయలేదు. వరహాకు ముందువైపు దేవుడు, రాజుకు వెనక పేరు మాత్రమే. బుక్కరాయలు హనుమంతుణ్ణి వేయించాడు; దేవరాయల నాణెంపై ఉమామహేశ్వరులు. అచ్యుతరాయలది మాత్రం గండభేరుండం, ముక్కులతో గోళ్ళతో ఏనుగులను పట్టుకుని ఎగురుతుంది! రాజ్యం నిండుగా ఉన్నప్పటి దర్జా అది.

అన్ననూ రాజధానినీ పోగొట్టుకున్నవాడికి ఏనుగులను ఎత్తుకుపోయే పక్షి ఏం నప్పుతుంది? ఇల్లు విడిచిన అన్నదమ్ములే గుర్తుకొచ్చి ఉంటారు. ఇది నా ఊహ; శాసనాల్లో లేదు.

ఇదంతా చెప్పేలోగా ఆచారి కాసు తూచాడు. మూడు గ్రాముల పైచిల్లర.

ఇంటికెళ్ళి అమ్మతో చెప్పాం. "రాముణ్ణి కుంపట్లో పెడతారటే?" అని కాసు లాక్కుని, పసుపుగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేసింది.

కమ్మలు తేలికవే చేయించాం. "నీ చరిత్ర మూలంగానే" అని అక్క ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.