సాలీ గోలీని ఎక్కడ వెదుకుతుంది?

బొమ్మలు రెండు. ఒకదాని పేరు సాలీ, రెండవదాని పేరు ఆన్. సాలీ తన గోలీని బుట్టలో దాచి బయటకు వెళ్లింది. ఆమె అటు తిరిగిందో లేదో, ఆన్ ఆ గోలీని తీసి తన పెట్టెలో పెట్టుకున్నది. ఇంతలో సాలీ తిరిగి వచ్చింది. గోలీ కోసం మొదట ఎక్కడ చూస్తుంది?

"బుట్టలో" అంటారు మీరు. ఇందులో అడగవలసినదేమున్నదని కూడా అనుకుంటారు. మీ ఇంట్లో మూడేళ్ల పిల్లవాడుంటే అడిగి చూడండి. "పెట్టెలో" అనే అవకాశమే ఎక్కువ. గోలీ ఉన్నది అక్కడే గదా! తనకు తెలిసినది సాలీకి తెలియదన్న సంగతి వాడికింకా అందలేదు. నాలుగేళ్లు దాటితే చాలామందికి అందుతుంది. కథలు వినే అలవాటున్న మనకు ఇది కొత్త కాదు. దుర్వాసుని శాపం చెలికత్తెలకు తెలుసు, మనకూ తెలుసు, శకుంతలకు తెలియదు. ఆమెకు తెలియదని మనకు తెలియబట్టే, ఆమె రాజసభలో అడుగుపెడితే మన గుండె దడదడలాడుతుంది.

ఈ బొమ్మలాటను లండనులో సైమన్ బారన్-కోహెన్, ఆలన్ లెస్లీ, ఉటా ఫ్రిత్ అనే పరిశోధకులు 61 మంది పిల్లలకు చూపి, ఫలితాలను 1985లో ప్రకటించారు. మామూలు పిల్లలు 27 మందిలో 23 మంది, డౌన్ సిండ్రోమ్ ఉన్న 14 మందిలో 12 మంది బుట్టనే చూపారు. ఆటిజం ఉన్న 20 మందిలో మాత్రం నలుగురే బుట్టను చూపారు. తక్కిన 16 మంది వేలు పెట్టెవైపే పోయింది. గోలీ ఇప్పుడెక్కడున్నదో వారికి తెలుసు, మొదట ఎక్కడుండేదో గుర్తున్నది. తెలివిని కొలిచే పరీక్షలలో వారు డౌన్ సిండ్రోమ్ పిల్లల కంటె పైమెట్టునే ఉన్నారు. కనుక మందబుద్ధి అని తోసివేయడానికి వీలు లేకపోయింది. ఎదుటివారు ఏమనుకుంటున్నారో ఊహించడమనే ఆ ఒక్క పని దగ్గరే చిక్కు ఉన్నదన్నారు పరిశోధకులు.

ఉటా ఫ్రిత్ 1941లో జర్మనీలో పుట్టి, లండనులో చదివి, 1968లో డాక్టరేటు పొందిన విదుషి. అప్పటి గాలి వేరు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ ఒక పెద్ద పుస్తకం వ్రాసి, బిడ్డ ఇలా కావడానికి కన్నవారి నిరాదరణ, ముఖ్యంగా తల్లిది, కారణమన్నాడు. "రిఫ్రిజిరేటర్ తల్లులు" అన్న నింద అమెరికాలో అప్పటికే వాడుకలో ఉన్నది. 1977లో సూసన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రట్టర్ కవలలను పరిశీలించి, ఇందులో పుట్టుకతో వచ్చే అంశం బలంగా ఉన్నదని చూపారు.

మా కళాశాలలో పనిచేసే ఒకావిడ కుమారునికి ఆటిజం. "నువ్వు ఉద్యోగమంటూ తిరగబట్టే వాడికి మాటలు రాలేదు" అని అత్తవారింట ఇప్పటికీ అంటారట. బెటెల్‌హైమ్ పేరు ఆ ఇంట ఎవరూ విని ఉండరు. తల్లిని నిందించడానికి గ్రంథాలు అక్కరలేదు కాబోలు!

ఫ్రిత్ లోపాలను మాత్రమే లెక్కపెట్టలేదు. పెద్ద బొమ్మలో కలిసిపోయిన చిన్న ఆకారాన్ని వెదికే పరీక్షలో ఆటిజం పిల్లలు తక్కినవారికంటె మెరుగని 1983లోనే అమితా షాతో కలిసి వ్రాశారు. 1944లో హాన్స్ ఆస్పర్గర్ జర్మన్ భాషలో వ్రాసిన వ్యాసాన్ని 1991లో ఇంగ్లీషులోకి తెచ్చినదీ ఆమే. అనువాదాన్ని చిన్నచూపు చూసే మా పండిత మిత్రులు గమనింతురు గాక.

సాలీ కథ ప్రచారంలోకి వచ్చాక ఒక అపార్థమూ పుట్టింది. ఈ పిల్లలకు ప్రేమ లేదని, మనసే లేదని కొందరు అర్థం తీశారు. గోలీ ఎక్కడ వెదుకుతారన్న ప్రశ్నకూ ప్రేమకూ సంబంధమేమిటి? పైగా ఆ నలుగురి సంగతి? 2012లో డేమియన్ మిల్టన్, తానే ఆటిజం ఉన్న పండితుడు, ఇంకో అడుగు ముందుకు వేశారు. మీ మనసు మాకు అందనట్లే మా మనసు మీకు అందడం లేదు, చిక్కు రెండువైపులా ఉన్నదన్నారు.

ఆ మాట మా సహోద్యోగినితో చెప్పాను. ఆవిడ నవ్వి, "మా వాడు తిరిగే ఫానువైపు గంటసేపు చూస్తాడండీ. అందులో ఏం చూస్తాడో పదేళ్లయినా నాకు తెలియలేదు" అన్నది.